సాయంకాలం మూసిన రోడ్డు

పెనీనాకు కోపం వస్తే బన్నులు మాడతాయని ఊళ్ళో అందరికీ తెలుసు. నడిసముద్రంలోని సవాయి దీవి దక్షిణ తీరాన, రోడ్డు పక్కనే ఆమె కొట్టు. కొబ్బరిపాలలో మగ్గిన బన్నులు అమ్ముతుంది. అవి మాడడానికి కారణం మొగుడు ఇలాయా అనుకుంటారు కొత్తవాళ్ళు. పాపం, అతనికేమీ తెలియదు. కారణం ఫోనులోని మ్యాప్.

ఆ మ్యాప్‌ను ఎవరైనా గీయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. జీతం లేదు, భత్యం లేదు. చర్చికి ఎవరో వచ్చి నేర్పి వెళ్ళినప్పటి నుంచి పెనీనాకు అదొక పిచ్చి. నీటి కుళాయిలు, కొండమీది చేమదుంప తోటలకు పోయే బాటలు, వానకు మునిగే కల్వర్టులు, అన్నీ ఆమె గీసినవే. అయితే ఆ ‘ఎవరైనా దిద్దవచ్చు’ అన్న మాటే ఆమె ప్రాణం తీసేది. ఊరి ఊటగుంటను ఉన్నచోట పెడితే, ఎక్కడో చలిదేశంలో కూర్చున్న మహానుభావుడొకడు ఆకాశం నుంచి తీసిన ఫోటోలో కనబడలేదని తీసేశాడు. మళ్ళీ పెట్టింది. మళ్ళీ తీసి, ‘ఆధారం?’ అని అడిగాడు.

“ఆధారమా! ఇప్పుడే అందులో స్నానం చేసొచ్చాను. నా తడి తల చూపించనా వీడికి?”

“ఫోటో తీసి పంపు,” అన్నాడు ఇలాయా. “తలవరకే సుమా.”

మ్యాప్ మీద తిట్లు అయిపోతే మిగిలినవన్నీ అంబులెన్సు నడిపే అలపాతికి. అతను పక్క దీవి నుంచి కొత్తగా వచ్చినవాడు. ఒక సాయంత్రం లుపేకు నొప్పులొస్తే, ఆమెను ఈ కొట్టు అరుగు మీదే పడుకోబెట్టి కబురు చేశారు. అలపాతి తిన్నగా రాక, కొండచుట్టూ తిరిగి తాపీగా వచ్చాడు. అప్పటికి బిడ్డ పెనీనా చేతుల్లో ఏడుస్తోంది. తల్లీబిడ్డా క్షేమమే. కానీ ఆనాటి నుంచి అతనికి తిట్టు లేకుండా బన్ను ఇవ్వలేదు ఆవిడ. “ఫోనుకున్న బుద్ధయినా లేదురా నీకు!” అనేది. అతను తలవంచుకుని తినేసి వెళ్ళేవాడు.

అలాంటి రోజుల్లో రాజధాని నుంచి డాక్టర్ ఫెరేతి వచ్చాడు. మ్యాపుల్లో పండితుడు. అంబులెన్సులకు ఈ మ్యాప్ ఉంచాలా, తీసెయ్యాలా అన్నది తేల్చే పని ఆయనది. ఆయన తీసెయ్యమంటే ఇన్నేళ్ళ చాకిరీ గంగపాలే. పెనీనా మంచి గౌను తొడుక్కుని, విసనకర్ర పుచ్చుకుని, యుద్ధానికి వెళ్ళినట్టు ఊరి సభకు వెళ్ళింది.

“ఒక ఊళ్ళో చెట్టుచెట్టూ గీశారు. పక్క ఊరు ఖాళీ,” అన్నాడు ఫెరేతి తెర మీద చూపిస్తూ. “తప్పయితే ఎవరిని అడగాలో తెలియదు. సరదాకి గీసే పని ఇది.”

“సరదానా!” అంటూ లేవబోయింది పెనీనా. ఇలాయా ఆమె గౌను అంచు పట్టుకుని కూర్చోబెట్టాడు.

“ఇది చూడండి,” అన్నాడు ఫెరేతి. “మీ ఊరి పెద్ద రోడ్డు. రోజూ ప్రార్థన వేళ మూత అని రాసుంది. దీన్ని నమ్మే కదా మీ అంబులెన్సు ఆ సాయంత్రం కొండ చుట్టి వచ్చింది!”

సభంతా గొల్లుమంది. “లుపే కూతురే! మన అరుగు మీది పిల్ల!” అన్నారెవరో. పెనీనా చేతిలో విసనకర్ర ఆగిపోయింది.

ఆ రాత ఆమెదే. సాయంత్రం శంఖం ఊదగానే ఇళ్ళన్నీ ప్రార్థనకు కూర్చుంటాయి, కుర్రకారు ఈలలతో రోడ్డు పక్కన నిలబడి రాకపోకలు ఆపుతారు. షికారు కార్లు ఆగకుండా దూసుకుపోతున్నాయని, మర్యాద తెలియాలని రాసింది. ఊటగుంటను బతకనివ్వని చలిదేశం మహానుభావుడు దీన్ని మాత్రం ముట్టుకోలేదు.

ఆమె లేచింది. ఈసారి ఇలాయా ఆపలేదు.

“అది నేను రాశానయ్యా.”

“అంబులెన్సును కూడా ఆపుతారా అమ్మా మీ ఊళ్ళో?”

“ఛీ ఛీ! దాన్నెవరు ఆపుతారు?”

“మరి ఆ ముక్క రాయలేదేం?”

“అది కూడా రాయాలా? పసిపిల్లలకైనా తెలుసు!”

“మీ పసిపిల్లలకి తెలుసు. మ్యాప్ చూసేది ఊరివాళ్ళు కాదు కదమ్మా.” ఆయన గొంతులో వెటకారం లేదు. అదే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది. “ప్రతి ఊళ్ళో జవాబు చెప్పే మనిషి ఒకరు పేరిస్తే ఉంచుతాను. లేకపోతే తీసేస్తాను.”

పెనీనా పేరివ్వలేదు. ఇంటికొచ్చి ఫోనును పిండి డబ్బాలో పడేసింది. “ఊరికే చేసిన పనికి జవాబుదారీ కూడానా? నావల్ల కాదు,” అంది. ఆ మాట నిజమే గానీ, అసలు బాధ అది కాదు. ఆ బిడ్డ ఏడవకపోయి ఉంటే? ఆ ఆలోచన ఆమెను వదల్లేదు.

మర్నాడు పొద్దు వాలుతుండగా అలపాతి వచ్చాడు. తిట్టు కోసం తలవంచుకుని నిలబడ్డాడు. ఆమె వేడి బన్ను అతని చేతిలో పెట్టింది.

“ఫోను చూపించిందని ఆ రోజే ఎందుకు చెప్పలేదురా?”

“చెప్పానక్కా. ‘ఫోను మీదికి తోస్తావా’ అని ఇంకో నాలుగు పెట్టావు. ఇక్కడ ప్రార్థన పట్టింపు ఎక్కువని విన్నాను కదా, నిజమే అనుకున్నాను.”

“తప్పు నాదిరా నాయనా. నన్ను తిట్టు.”

“బన్ను తినేసి తిడతాలే.”

ఆమె డబ్బాలోంచి ఫోను తీసి పిండి దులిపింది. రోడ్డు మూత పక్కన ‘అంబులెన్సుకు ఎప్పుడూ దారి ఉంది’ అని చేర్చింది. తర్వాత ఫెరేతికి తన పేరు, ఊరు రాసి పంపింది. అలపాతి సగం తిన్న బన్ను పట్టుకుని, పైఊరి నుంచి పిలుపొచ్చిందని బండి ఎక్కి పోయాడు.

శంఖం ఊదారు. పెనీనా చాప మీద కూర్చుని కళ్ళు మూసుకుంది. పాట మధ్యలో బండి చప్పుడు వినబడింది. ఆమె గొంతు ఆగింది. కొండవైపు మలుపు దగ్గర ఆ చప్పుడు తిరగలేదు. ఈల ఒక్కటీ మోగలేదు. అంబులెన్సు తిన్నగా, ఇంటి ముందు నుంచే ఆసుపత్రి వైపు వెళ్ళిపోయింది.

“పాడవే,” అన్నాడు ఇలాయా మెల్లగా.

కళ్ళు తుడుచుకుని ఆమె పాట అందుకుంది.