ఎవరూ పట్టుకోని చెడుగుడు

జమ్మలమడుగు బడిలో నేను ఆడించిన చెడుగుడులో ఒక పిల్లవాడు వారం రోజులపాటు ఒక్కసారి కూడా ఔట్ కాలేదు. అది చూసి పొంగిపోయాను. అంత గుడ్డి సంతోషం నా జీవితంలో మరొకటి లేదు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. నేను ఉపాధ్యాయ శిక్షణలో ఉన్నాను. పాఠాలు చెప్పి చూపడానికి ఆ బడికి పంపారు. నాకప్పగించింది ఇంగ్లీషు వ్యాకరణం. పిల్లలు ముందుకూ వెనక్కూ ఊగుతూ క్రియారూపాలు వల్లె వేసేవారు. అర్థం తెలియని మంత్రాలను ప్రొద్దుటూరు సభల్లో ఎండగట్టే నేను తరగతిలో పురోహితుణ్ణి కావాలా? బెంచీలు గోడకు జరిపించి, సుద్దముక్కతో నేల మీద గీత గీశాను. కూతకు వెళ్ళేవాడు 'చెడుగుడు' అనే బదులు గుక్క తిప్పుకోకుండా క్రియారూపాలు చెప్పాలి. తప్పు చెబితే అవతలి జట్టు పట్టుకోవాలి. పట్టుబడినవాడు ఔట్.

ఆ తరగతిలో మాలపల్లె నుంచి వచ్చేవాడు ఒక్కడే. వాకిలి పక్కన విడిగా కూర్చునేవాడు. మొదటిరోజే వాణ్ణి నడిమి బెంచీకి తెచ్చి, మనుషులంతా ఒకటేనని అరగంట ఉపన్యసించాను. ఆటలో వాడు కూతకు పోతే అవతలి జట్టంతా గోడకు అతుక్కుపోయేది. వాడి చదువుకు జడిశారనుకున్నాను.

వారం తర్వాత వాడు వసారాలో నన్ను ఆపాడు.

"అయ్యవారూ, నన్ను ఆటలో నుంచి తీసేయండి."

"ఎందుకప్పా? గెలుస్తాండావు కదా!"

"యాడ గెలుస్తాండా? నన్ను ముట్టుకునేవాడే లేడు. నిన్న కావాలనే మూడుసార్లు తప్పు చెప్పినా. ఎవురూ పట్టుకోలే. మీరూ ఇనలే." వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "ఒక్కసారి పట్టుకుంటే సాలు" అన్నాడు.

నా రక్తం ఉడికింది. మర్నాడు తరగతిలో గర్జించాను: "వీడు తప్పు చెబితే పట్టుకోవాల్సిందే. పట్టుకోనివాడే ఔట్!"

వాడు కూతకు వెళ్ళాడు. తప్పు చెప్పాడు. ఎదుటివాళ్ళు ఒక్కొక్కరే చేతులు వెనక్కి కట్టుకుని, తమంతట తామే ఔటై గోడ దగ్గర నిలబడ్డారు. చివరికి బక్కపలచని రైతుబిడ్డ ఒకడు మిగిలాడు. వాడికి ఓడిపోవడమంటే గిట్టదు. ఎగిరి నడుము పట్టుకున్నాడు. ఇద్దరూ దబ్బున పడ్డారు.

"నేను ఔట్! అయ్యవారూ, నేను ఔట్!" అని నేల మీద పడివున్నవాడు నవ్వుతున్నాడు. అలాంటి నవ్వు మళ్ళీ నేను వినలేదు.

ఆ సాయంత్రం రైతు తన కొడుకును వీధిలోనే నిలబెట్టి, బట్టలిప్పించి, నెత్తిన నీళ్ళు గుమ్మరించి, తడి ఒంటిమీద చింతబరికెతో కొట్టాడు. నా దగ్గరికి రాలేదు. మాలపల్లె పిల్లవాడి తల్లి ఆయన చేన్లోనే కూలి చేసేది. ఆమెకు మాత్రం కబురు పంపాడు, ఇక పనికి రావద్దని. ఆయన మాట కాదని ఆ చుట్టుపక్కల ఇంకెవరూ ఆమెను పిలవలేదు.

మూడురోజులు పిల్లవాడు బడికి రాకపోతే మాలపల్లెకు వెళ్ళాను. ఆమె గుడిసె ముందు మూట కడుతోంది.

"మైదుకూరు పక్క వరికోతలకు పోతాండాం సామీ. వాడూ వస్తాండాడు."

"వాడి చదువు ఆపొద్దమ్మా. ఇది అన్యాయం. నేను ఆ రైతుతో వాదిస్తా."

"వాదించు సామీ. నీకు నోరుంది. మాకు పొట్ట ఉండాది."

పిల్లవాడు నా వైపు చూడలేదు. మూట నెత్తికెత్తుకున్నాడు.

రైతు ఇంటికి నేను వెళ్ళలేదు. రేపు వెళదామనుకున్నాను. ఆ రేపు ప్రధానోపాధ్యాయుడు నన్ను గదిలోకి పిలిచాడు. ఆయన ముందు నా పాఠాల పుస్తకం ఉంది. అందులో ఆయన సంతకం లేకపోతే నాకు ఉద్యోగార్హత లేదు.

"పాఠాలు శానా బాగుండాయప్పా. ఈ ఆట ఒకటి కొట్టేయి. నల్లబల్ల మీద చెప్పినట్టు రాయి."

కొట్టేశాను. నల్లబల్ల మీద చెప్పినట్టు రాశాను. ఆయన సంతకం చేశాడు.

ఆ నెలలోనే పులివెందులలో అంటరానితనం మీద మాట్లాడాను. శాస్త్రాలను చీల్చి చెండాడాను. చప్పట్లు ఆగలేదు. ఎదురు వాదించడానికి ఒక్కడూ లేవలేదు. వేదిక దిగుతున్నప్పుడు, ఎవరూ పట్టుకోకుండా గీత దాటి వెనక్కి వచ్చినవాడి ముఖం గుర్తొచ్చింది. ఆ రోజు సభలో గెలిచింది నేనేనని అందరూ అన్నారు.