చెవి వెనక కొబ్బరినూనె

కోదాడలో ఆడిన నాటకం మీద ఎవరో రాసింది ఫోన్‌లో చదివాను. పాట, వేషం, లైట్లు అన్నీ ఉన్నాయి, వాసన ఒక్కటే లేదు. మన ఈడువాళ్లకు గుర్తుందా, ఆట అయ్యాక ముఖానికి పూసిన అర్దళం రంగును కొబ్బరినూనెతో తుడిచేవాళ్లు?

ఇక వేషం కట్టనని అమ్మకు మాటిచ్చిన మా నాన్న, మిర్చి అమ్మడానికి సూర్యాపేట మార్కెట్‌కు పోయానంటూ ఒకనాడు తెల్లారి ఇంటికొచ్చాడు. ముఖం శుభ్రంగానే ఉంది. అమ్మ మాత్రం దగ్గరికొచ్చి చెవి వెనక వాసన చూసింది.

"ఏందయ్యా, మార్కెట్ల మిర్చికి కొబ్బరినూనె పెడుతున్నరా?"

నాన్న కండువాతో చెవి వెనక తుడుచుకున్నాడు.

"ఏం వేషం కట్టినవ్?"

"రాణి వేషం."

"అయితే పద్యం పాడు. మంచిగుంటెనే బువ్వ."

నాన్న గడపలోనే నిలబడి పాడాడు. అమ్మ ఇంకొకటి పాడమంది. పొయ్యి మీద అన్నం మాడింది, ఇద్దరికీ ఆ వాసనే తెలియలేదు.