డ్యాష్‌బోర్డు మీద పాత పలక

దయ్యాల మాటెత్తితే నవ్వి ఊరుకునే మనిషిని నేను. మార్కాపురంలో బాడుగ కారు నడుపుతాను. యర్రగొండపాలెం దారిలో వేళకాని వేళ ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. గతుకులకు తప్ప దేనికీ భయపడలేదు. అందుకే ఇది రాయాలంటే సిగ్గుగా ఉంది, అంతకంటే రోతగా ఉంది.

ఫోను పెట్టుకునే స్టాండ్లు ఎన్ని కొన్నా ఆ గతుకులకు విరిగిపోయేవి. విసుగొచ్చి నేనే ఒకటి చేసుకుందామనుకున్నాను. పుల్లలచెరువు పక్కన మా అత్తగారి ఊళ్లో, వాళ్లింటి అటక మీద చెక్క చట్రం ఉన్న పాత పలక కనిపించింది. పలకలకు పేరుపడ్డ మార్కాపురంలో ఉంటూ పలక బయటినుంచి తెచ్చుకోవడమేంటని నవ్వకండి. కొత్తవాటికి ప్లాస్టిక్ చట్రాలు, ఎండకు వంగిపోతాయి. ఎవరినీ అడక్కుండా తెచ్చేసుకున్నాను. ఫోను ఆనడానికి అడుగు చట్రానికి మేకులు కొట్టి, జారకుండా సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టి, వెనక మందపాటి టేపుతో డ్యాష్‌బోర్డుకు అంటించాను. ఎంత గతుకులో పడ్డా కదల్లేదు.

మరుసటి పొద్దున ఫోను పెట్టబోతే చేతికి జిగట తగిలింది. పలక నడిమధ్య తడి. వాసన చూశాను, చూడకుండా ఉండాల్సింది. ఉమ్మి. చిన్నప్పుడు మేమంతా పలక మీద ఉమ్మి మోచేత్తో తుడిచేవాళ్లం, సరిగ్గా ఆ పాచి కంపే. గుడ్డ తెచ్చి తుడిచేశాను.

ఏ వెధవ పనో అనుకుని ఆ రాత్రి తలుపులన్నీ చూసుకుని తాళం వేశాను. మళ్లీ అదే. అద్దం చుట్టూ రబ్బరు చూశాను. ఏసీ నీళ్లేమోనని ఏసీ ఆపేశాను. వానలా, లేవు, మండే ఎండాకాలం. ఫినాయిలుతో కడిగితే ఆ కంపుకు ఈ కంపు తోడైంది. తడి మీద అడ్డంగా ఒక చార ఉండేది, చిన్న మోచెయ్యి రాసినంత. కారెక్కినవాళ్లు ముక్కు మూసుకుని నావైపు అనుమానంగా చూసేవాళ్లు. బాడుగలు తగ్గిపోయాయి. ఛీ, ఈ దరిద్రాన్ని పీకి పారేద్దామనుకున్నాను.

ఆ రోజే మా అత్తను కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోవాల్సి వచ్చింది. ముందు సీట్లో కూర్చుని పలకను చాలాసేపు చూసింది. ఆ తడిని వేలితో ముట్టుకుంది. వద్దత్తా అన్నాను. ఆమె కొంగుతో మెల్లగా తుడిచింది.

"ఎన్నితూర్లు చెప్పినా వాడు ఉమ్మితోనే తుడిచేవాడు నాయనా" అంది.

నా భార్యకు ఒక అన్న ఉండేవాడని, బడిలో చేరిన ఏడాదే జ్వరంతో పోయాడని ఎప్పుడో విన్నాను. అప్పటికి తను పసిపిల్ల. ఆ పలక వాడిదని నాకు అప్పుడే తెలిసింది. జీపు ఎక్కాలని వాడు ఒకటే ఏడ్చేవాడట. ఎక్కింది ఒక్కసారే, ఆస్పత్రికి, ఒళ్లు తెలియకుండా.

పలకను ఆమె ఇంటికి పట్టుకుపోయింది. పీడ వదిలిందని సంతోషించాను. కారులో కంపు కూడా పోయింది. కొన్నాళ్లకు ఆ ఊరు వెళ్తే, ఆమె పలకను తువ్వాలులో చుట్టి నాకోసం గడపలో కూర్చుని ఉంది.

"నా కాడ ఒక్కనాడు కూడా తడి కాలేదు. నీ బండిలోనే పెట్టు నాయనా. వాడు తిరగనీ."

కాదనలేకపోయాను. ఇప్పుడూ అది డ్యాష్‌బోర్డు మీదే ఉంది. ఎందుకు తడుస్తుందో నాకు తెలియదు. పొద్దున్నే ముఖం పక్కకు తిప్పుకుని గుడ్డతో తుడుస్తాను. ఇప్పటికీ రోతే, అలవాటు కాలేదు. అత్త ఫోను చేసినప్పుడల్లా ముందు అడిగేది ఒక్కటే, ఈ పొద్దు తడి ఉందా అని. ఉందత్తా అంటాను. అబద్ధం చెప్పాల్సిన అవసరం ఇంతవరకూ రాలేదు.