సుధాకర్ పేరు మీద ఆడిన మనిషి

2004లో నర్సీపట్నం బస్టాండు ఎదుటి సందులో నాకు ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. అంతకు ముందు అదే గదిలో టైప్ ఇన్‌స్టిట్యూట్ నడిపాను. నేర్చుకునేవాళ్ళు తగ్గిపోవడంతో మిషన్లు అమ్మేసి కంప్యూటర్లు పెట్టాను. పని మారినా పిలుపు మారలేదు. ఊళ్ళో అందరికీ నేను మాష్టారినే.

అప్పట్లో మాది డయలప్ కనెక్షన్. టెలిఫోన్ లైన్లోంచే నెట్ రావాలి. మోడెమ్ అనే చిన్న పెట్టె నంబరు తిప్పి, కాసేపు కీచుమని అరిచి, అదృష్టం బాగుంటే కలిసేది. గట్టి వాన వస్తే తెగిపోయేది. షాపులోని కంప్యూటర్లను మాత్రం ఒకదానితో ఒకటి వైర్లతో కలిపాం. దాన్ని లాన్ అంటారు. నెట్ ఉన్నా లేకపోయినా కాలేజీ కుర్రాళ్ళు ఆ లాన్ మీద తుపాకుల ఆట ఆడుకునేవారు. నా షాపు నడిచింది చాలావరకు ఆ ఆట వల్లే.

వాళ్ళలో రమేష్ అని డిగ్రీ చదివే కుర్రాడు. పేపర్లో కంప్యూటర్ పేజీ వచ్చిన రోజున షాపులో అతని మాటే మాట. ఎక్కడ ఏ వైరస్ వచ్చింది, ఎవరి పాస్‌వర్డ్ ఎవరు కొట్టేశారు, ముందు ముందు ఫోన్లు ఎలా మారిపోతాయి, అన్నిటి మీదా అతనికి ఒక అభిప్రాయం ఉండేది. గుమ్మం పక్క బెంచీ మీద కూర్చునే సుబేదారు గారికి ఇంకొక రకం అభిప్రాయాలు. ఆయన ఆర్మీలో పనిచేసి రిటైరై, రోలుగుంటలో జీడితోట చూసుకుంటూ, బజారు పనికి వచ్చినప్పుడల్లా మా షాపులో ఆగి పేపర్ చదివేవారు. కుర్రాళ్ళ ఆట చూసి, "రైఫిలు మోసుకుని అలా పరిగెడితే వందడుగులకే ఆయాసం వస్తాది బాబూ. మీ సిపాయి గుక్కెడు నీళ్ళు కూడా తాగడు, ఇదేటి ఆట?" అనేవారు. కుర్రాళ్ళు నవ్వేవారు. ఆయనా నవ్వేవారు. మొత్తానికి మాటలతో గడిచిపోయే చోటు అది.

ప్రతి ఆదివారం చర్చి అయ్యాక కృప వచ్చేది. ఒకప్పుడు నా దగ్గర టైపు నేర్చుకుంది. మిషన్ చర్చి దగ్గర వాళ్ళ పుట్టిల్లు. ఆమె భర్త సుధాకర్‌ది మాకవరపాలెం, ఆర్మీలో సిపాయి. ఉత్తరాన ఎక్కడో మంచుకొండల్లో పోస్టింగు. ఎక్కడని ఆమె ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అతను అంతకుముందు సెలవుకొచ్చినప్పుడు ఇద్దరూ నా దగ్గరే నెట్‌లో ఐడీలు తెరిచారు. ఐడీ అంటే నెట్‌లో మనిషికి ఉండే పేరు. ఆ పేరుతో, పాస్‌వర్డ్‌తో లోపలికి వెళితే అవతలివాళ్ళకి మన పేరు పక్కన పచ్చ చుక్క కనిపించేది. ఆదివారం ఔటింగ్ దొరికితే అతను కింద ఉన్న టౌనుకి దిగి అక్కడి సెంటర్లో కూర్చునేవాడు. ఇద్దరూ నెట్‌లో చదరంగం ఆడుకుంటూ, పక్కన చిన్న పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టుకుంటూ కబుర్లు చెప్పుకునేవారు. ఫోన్లో ఐతే వెనక లైనులో పదిమంది నిలబడి ఉంటారని, బేగి పెట్టెయ్యాల్సి వస్తాదని ఆమె చెప్పింది. ఆటలో ఐతే తొందర లేదు.

ఆ ఏడు వానాకాలానికి కృప గర్భిణి. కాన్పుకని పుట్టింటికి వచ్చేసింది. అదే రోజుల్లో వరసగా రెండు ఆదివారాలు సుధాకర్ నెట్‌లోకి రాలేదు. ఔటింగ్ దొరికి ఉండదని సుబేదారు గారు అంటే ఆమె తలూపింది. అంతకు ముందూ అలా జరిగింది కాబట్టి పెద్దగా కంగారు పడలేదు.

మూడో ఆదివారం పచ్చ చుక్క వెలిగింది. కృప మొహం విప్పారడం నేను కౌంటర్ నుంచే చూశాను. కాసేపయ్యాక చూస్తే ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని, స్క్రీను వైపు అలా చూస్తూ ఉండిపోయింది. లైను తెగిందేమోనని దగ్గరకి వెళ్ళాను. లైను బాగానే ఉంది.

"మాష్టారూ, ఈయన ఆయన కాదండి," అంది మెల్లగా.

స్క్రీను మీద ఐడీ సుధాకర్‌దే. ఆటా మామూలుగానే నడుస్తోంది. ఏమైందని అడిగాను. సుధాకర్‌కి ఆట సరిగ్గా రాదని, ఆలోచించకుండా టకటకా పావులు జరిపేసి ప్రతిసారీ ఓడిపోతాడని చెప్పింది. ఇవాళ ఒక్కో ఎత్తు వేయడానికి ఎంతో సేపు తీసుకుంటున్నాడు, పైగా గెలిచేటట్టున్నాడు. అదొక్కటే ఐతే ఆమె పట్టించుకునేది కాదు. పక్క పెట్టెలోని మాటలు చూపించింది. సుధాకర్ ఎప్పుడూ "ఏటి సేస్తన్నావు" అని కొడతాడు, నోటితో ఎలా మాట్లాడతాడో అలాగే. ఇవాళ అక్కడ "ఏం చేస్తున్నావ్, బాగున్నావా" అని ఉంది. ఆరోగ్యం జాగ్రత్త అని ఉంది. నేను బాగున్నాను అని, ఎవరూ అడగకపోయినా, రెండుసార్లు ఉంది. ఆమె ఇంకేదో అడిగేలోగా పని ఉందని చెప్పి అవతలి మనిషి వెళ్ళిపోయాడు. పచ్చ చుక్క ఆరిపోయింది.

ఆమె గొంతు చిన్నదే కానీ షాపు చిన్నది. పక్క సిస్టం మీదున్న రమేష్ విన్నాడు. పాస్‌వర్డ్ ఎవరో హ్యాక్ చేసి ఉంటారన్నాడు. హ్యాకర్ అంటే దొంగదారిన లోపలికి చొరబడేవాడని, మొన్ననే పేపర్లో వచ్చిందని, మిలటరీ వాళ్ళ ఐడీలంటే వాళ్ళకి మరీ ఇష్టమని వివరంగా చెప్పుకుపోయాడు. బెంచీ మీది నుంచి సుబేదారు గారు లేచి వచ్చారు. ఆయన మొహంలో నవ్వు లేదు. మీ ఆయన ఉన్న చోటు గానీ, యూనిట్ పేరు గానీ ఎప్పుడైనా ఇందులో రాశావా అమ్మా అని అడిగారు. లేదంది. ఇక మీద రాయొద్దన్నారు. సిపాయి పేరు పెట్టుకుని ఇంటివాళ్ళ దగ్గర కూపీలు లాగేవాళ్ళు ఉంటారని అన్నారు. వెనక నుంచి ఇంకెవరో, పాస్‌వర్డ్ అతనంతట అతను ఇచ్చి ఉండకపోతే బలవంతంగా చెప్పించి ఉంటారన్నారు.

ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. రోజూ మాట్లాడుకునే మాటల్లాంటివే అవి కూడా. కానీ ఒక్కొక్క మాటకీ కృప కుర్చీ అంచు గట్టిగా పట్టుకోవడం నేను చూశాను.

ఆ వారమంతా ఆమె నిలబడ్డ చోట నిలవలేదు. ఏడో నెల కడుపుతో షేర్ ఆటో ఎక్కి మాకవరపాలెం వెళ్ళింది. అత్తమామలకి టెలిగ్రాం ఏమైనా వచ్చిందేమో తెలుసుకోవాలని. వాళ్ళని కంగారు పెట్టకూడదని, ఊరికే చూసిపోదామని వచ్చినట్టు చెప్పిందట. ఏ కబురూ రాలేదు. యూనిట్ నంబరుకి ఎస్టీడీ బూత్ నుంచి ఎన్నిసార్లు తిప్పినా కలవలేదు. సుబేదారు గారు మళ్ళీ వచ్చినప్పుడు, మనిషికి ప్రాణాపాయమైతే యూనిట్ వాళ్ళు ఇంటికి తప్పకుండా తెలియజేస్తారని ఆమెకి ధైర్యం చెప్పారు. ఆమె వెళ్ళాక నాతో మాత్రం, కొన్నిసార్లు కబురు చేరడానికి ఆలస్యం అవుద్దండి అన్నారు.

తర్వాతి ఆదివారం పొద్దుట్నుంచీ ఆకాశం మూసుకుపోయి ఉంది. కృప చర్చికి వెళ్ళకుండా తిన్నగా షాపుకే వచ్చేసింది. వాళ్ళమ్మ తోడొచ్చి బెంచీ మీద కూర్చుంది. తుపాకుల ఆట మొదలుపెట్టబోతున్న కుర్రాళ్ళు కృపని చూసి సౌండు తీసేశారు. నెట్ అంతా ఆ ఒక్క సిస్టంకే ఉండేలా నేను మిగతావాటిని లైన్లోంచి తప్పించాను.

చాలాసేపటికి పచ్చ చుక్క వచ్చింది. బోర్డు తెరుచుకుంది. అవతలి మనిషి ముందు ఎత్తు వేసి, బాగున్నావా అని కొట్టాడు. కృప పావు ముట్టుకోలేదు. ఆమె ఏదైనా తెలివిగా అడిగి అతన్ని పట్టుకుంటుందని రమేష్ అనుకున్నాడు, చెవిలో ఏదో సలహా కూడా ఇవ్వబోయాడు. ఆమె వినిపించుకోలేదు. టైపు నేర్చుకున్న చేతులు కదా, ఒక్క తప్పు లేకుండా కొట్టింది. నేను వెనకే నిలబడి చదివాను.

"మీరు ఎవరో నాకు తెలీదు. మీరు మా ఆయన కాదని తెలుసు. నాకు నిద్ర లేదు. ఉన్నదేటో సెప్పండి బాబూ. ఏదైనా ఇంటాను."

పంపింది. అవతల ఏమీ రాలేదు. పచ్చ చుక్క మాత్రం అలాగే ఉంది. అప్పుడే వాన మొదలైంది. సందులో రేకుల మీద చినుకులు పడుతున్న చప్పుడు, ఆ వెంటనే మోడెమ్ దీపాలు ఆరిపోవడం ఒకేసారి జరిగాయి. లైను తెగింది.

కృప నా వైపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేను. నేను మోడెమ్ దగ్గర కూర్చుని మళ్ళీ తిప్పాను. ఎంగేజ్ టోన్. మళ్ళీ తిప్పాను, కీచుమని అరిచి సగంలో ఆగిపోయింది. రిసీవర్ ఎత్తితే గరగరమని శబ్దం. గోడ దగ్గర వైరు అతుకు తడిసిందేమోనని సుబేదారు గారు బయటకెళ్ళి వానలోనే కండువాతో తుడిచారు. అవతలి మనిషి ఇంకా కూర్చునే ఉంటాడా, తప్పించుకుని పోయి ఉంటాడా అని ఎవరూ పైకి అనలేదు. అందరూ అదే అనుకుంటున్నారు. మాటలతో నిండి ఉండే ఆ గదిలో మోడెమ్ అరుపు తప్ప ఇంకేమీ లేదు.

చివరికి కలిసింది. ఆమె లోపలికి వెళ్ళేసరికి పచ్చ చుక్క అక్కడే ఉంది. పెట్టెలో మాటలు వచ్చి ఉన్నాయి.

"వదినా, అన్న బతికే ఉండాడు. ముందు ఆ మాట చదువుకో. నేను ఓబులేసును, మాది కడప జిల్లా. అన్నా నేనూ ఒకే పోస్టులో ఉంటాము."

కృప బిగ్గరగా ఏడవలేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంకా ఏమొస్తుందా అని చూసింది. అతను ఆగి ఆగి కొట్టాడు. పైన కొండ మీద పోస్టులో చలి కాచుకునే కిరోసిన్ స్టవ్ పేలిందట. శత్రువూ లేడు, తుపాకీ పేలిందీ లేదు. సుధాకర్‌కి చేతులు, మొహం కాలాయి. కళ్ళకి కట్టు కట్టారు. కింద మిలటరీ ఆసుపత్రిలో ఉన్నాడు. ప్రాణానికి భయం లేదని డాక్టర్లు అన్నాక, ఇంటికి నేనే చెప్పుకుంటానని అధికారులని బతిమాలుకున్నాడు. నా భార్య ఈ స్థితిలో వింటే తట్టుకోలేదన్నాడు. ఆదివారం ఆమె ఎదురుచూస్తుందని, వెళ్ళి ఒక ఆట ఆడి బాగున్నానని చెప్పి రమ్మని ఓబులేసుకి పాస్‌వర్డ్ ఇచ్చి పంపాడు.

"నాకు అబద్ధం ఆడను రాదు వదినా. అన్న అడిగితే కాదనలేక పోయినాను. పోయిన వారం నుంచి నాకూ కూడు దిగలేదు," అని వచ్చింది.

ఆమె ఒక్కటే అడిగింది, కళ్ళు ఉన్నాయా అని. పోలేదని, ఒకటి బాగుందని, రెండోది కట్టు విప్పాక చూడాలన్నారని చెప్పాడు. ఆసుపత్రి వార్డు ఫోన్ నంబరు ఇచ్చాడు. సుబేదారు గారు కళ్ళజోడు తుడుచుకుని ఆ నంబరు తన అరచేతి మీద రాసుకున్నారు. ఆమె కొట్టిన ఆఖరి మాట, "మీరు వెళ్ళి తిండి తినండి తమ్ముడూ."

మర్నాడు ఆ నంబరుకి బూత్ నుంచి ఫోన్ చేసి కృప సుధాకర్‌తో మాట్లాడింది. నేనూ, వాళ్ళమ్మా బయట నిలబడ్డాం. గాజు తలుపు వెనక ఆమె ముందు అంతా వింది, తర్వాత కోపంగా చాలాసేపు మాట్లాడింది. బయటికొచ్చాక చెప్పింది, నా కడుపులో పిల్ల కోసమని నాకు సెప్పకపోతే, నాకు తిండీ నిద్రా లేకుండా పోయింది, ఆ పిల్లకి మంచి సేసినట్టేనా అని అడిగానండి అని. అతను ఏమన్నాడని అడిగితే, ఏడిశాడండి అని నవ్వింది.

కాన్పు సుఖంగా అయ్యింది, ఆడపిల్ల. సుధాకర్ మెడికల్ లీవ్ మీద వచ్చేసరికి పిల్ల బోర్లా పడుతోంది. ఎడమ కన్ను మసక మిగిలిపోయింది. కుడిచేతి వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు. తర్వాత అతన్ని స్టోర్ డ్యూటీకి మార్చారు. ఒకరోజు పిల్లని ఎత్తుకుని ఇద్దరూ షాపుకి వచ్చారు. రమేష్ తన కుర్చీ ఇచ్చి, అక్కడ బోర్డర్లో ఎలా ఉంటాదన్నా అని అడిగాడు. మంచు కరిగించుకుని నీళ్ళు కాచుకోవడం, సాక్సులు ఆరబెట్టుకోవడం, ఇంకొకడు లేచేదాకా కాపలా కాయడం, చాలావరకు అంతేనన్నాడు సుధాకర్. సుబేదారు గారు అవునని తలూపారు. రమేష్ ఇంకేదో అడగబోయి ఆగిపోయాడు.

వెళ్ళేటప్పుడు కృప నా కౌంటర్ దగ్గర ఆగింది. "అప్పుడు అందరూ ఏదో ఒకటి సెప్పారండి. మీరు మాత్రం ఏటీ అనలేదు. లైను కలపడం సూసుకున్నారు. అది నాకు ఎంత సాయమో మీకు తెలీదు," అంది.

నేను నవ్వి ఊరుకున్నాను. నిజం ఏమిటంటే నాకూ ఒక అభిప్రాయం ఉంది. ఈయన ఆయన కాదని ఆమె అన్న ఆదివారమే సుధాకర్ పోయాడని నేను గట్టిగా అనుకున్నాను. ఆమె కడుపు చూసి నోరు పెగల్లేదు, అంతే. దాన్నే ఆమె సాయం అనుకుంది.

ఆ తర్వాత ఇంకొన్నేళ్ళు ఆ షాపు నడిపాను. కబురు కోసం వణుకుతూ వచ్చి కూర్చున్నవాళ్ళని చాలామందిని చూశాను. గల్ఫ్‌లో అన్నదమ్ములున్నవాళ్ళు, పరీక్ష ఫలితాలకి వచ్చినవాళ్ళు, ఆసుపత్రి నుంచి మెయిల్ రావాల్సినవాళ్ళు. ఏమై ఉంటుందంటారు మాష్టారూ అని వాళ్ళు అడిగేవారు. నాకు తెలీదమ్మా అని చెప్పి, వెళ్ళి మోడెమ్ దగ్గర కూర్చునేవాణ్ణి.