మంజుల పై దవడ స్కాన్

2011లో నేను ఎల్బీనగర్‌లోని ఒక డెంటల్ స్కాన్ సెంటర్‌లో ఓరల్ రేడియాలజిస్టుగా పనిచేసేవాణ్ణి. పళ్లు పీకడం, కట్టడం మా పని కాదు. త్రీడీ స్కాన్‌లో దవడ ఎముక మందం ఎంతో, పళ్ల వేర్ల మధ్య చోటు ఎంతో కొలిచి రిపోర్టు ఇవ్వడమే మా పని. ఎముకలో స్క్రూ బిగించే చెయ్యి వేరేవాళ్లది. తేడా వస్తే మాత్రం ఇద్దరికీ కలిపే అక్షింతలు పడతాయి.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. ఒక బందుకు ముందురోజు, దిల్‌సుఖ్‌నగర్‌లో క్లినిక్ నడిపే నా పాత విద్యార్థిని, పళ్లకు క్లిప్పులు వేసే డాక్టరు, మంజుల అనే అమ్మాయిని పంపింది. నల్గొండ నుంచి వచ్చి తుర్కయంజాల్‌లో స్థిరపడిన కుటుంబం. మంజుల ఉద్యమ సభల్లో పాటలు పాడేది. ఎత్తు పళ్లను వెనక్కి లాగడానికి ఆమెకు రెండు పక్కపళ్లు తీశారు. ఆ ఖాళీలోకి ముందుపళ్లు రావలసింది పోయి, దవడపళ్లు ముందుకు జరగడం మొదలైంది. వాటిని నిలపాలంటే ఎముకలో చిన్న స్క్రూ బిగించి, లాగుడు బరువు దాని మీద వేయాలి. దాన్నే యాంకర్ అంటారు. బందు అయ్యాక మంజుల బృందంతో జిల్లాలకు వెళ్లిపోతుంది కాబట్టి ఆ సాయంత్రమే అది పడాలి.

స్కాన్ అర నిమిషం కూడా పట్టదు. కదలవద్దని చెప్పి తీశాం. తెర మీద చూస్తే ప్రతి వేరుకూ రెండు అంచులు కనిపించాయి. ఒక అంచు నుంచి కొలిస్తే స్క్రూకు కావలసినంత చోటుంది, రెండో అంచు నుంచి కొలిస్తే స్క్రూ నేరుగా వేరుకు తగులుతుంది. ఇంతలో డాక్టరమ్మ ఫోన్ చేసి, "సార్, సుమారుగా ఒక కొలత చెప్పండి, మిగతాది నేను చూసుకుంటాను" అంది. సుమారు అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. చెప్పనన్నాను.

కదిలావా అని మంజులను అడిగాను. "లేద్సార్. పాట మనసుల అనుకున్న, గంతే" అంది. మనసులో అనుకుంటే గొంతూ నాలుకా ఊరుకోవు. గడ్డం ఆనించిన చోట దవడ కొంచెం మెదిలినా తల కదులుతుంది.

మళ్లీ తీస్తే మరికాస్త రేడియేషన్. అది చెప్పి, కావలసిన భాగం వరకే తీస్తానన్నాను. ఆమె ఒప్పుకుంది గానీ భయపడింది. "ఉన్న పన్ను గూడ పోతే గాలి పోతది సార్. పాట ఎట్ల పాడాలె?"

ఆ పాట ఒకసారి పైకి పాడమన్నాను. ఆమె నా మాటతీరు అప్పటికే గమనించినట్టుంది, తటపటాయించింది. "మీరు ఆంధ్రోళ్లు గదా సార్. గా పాట మీరింటే బాగుండది."

"నాకు నీ పాటతో పని లేదమ్మా, గడ్డంతోనే పని" అన్నాను.

పాడింది. మమ్మల్ని సామాన్లు సర్దుకోమనే చరణం కూడా వదల్లేదు. మనసు చివుక్కుమంది, కాదనను. కానీ పై స్థాయి అందుకునే ముందు ఆమె దమ్ము పట్టి, తల, గడ్డం, గొంతు ఏదీ మెదలకుండా నిలిచే క్షణం ఒకటుంది. నాకు కావలసింది దొరికింది. "మెషీన్ తిరిగినంతసేపూ అలాగే దమ్ము పట్టి ఉండు" అన్నాను.

ఈసారి ప్రతి వేరుకూ ఒకే అంచు. స్క్రూకు చోటు చాలదని తేలింది. అనుకున్న చోట బిగించి ఉంటే వేరు దెబ్బతినేది. ముక్కు పక్కనుండే గాలిగది సైనస్‌కు తగలకుండా కొంచెం పైన స్థలం గుర్తించి రిపోర్టు ఇచ్చాను. సాయంత్రం స్క్రూ పడింది, కదలకుండా నిలిచింది. ముందుపళ్లు నెమ్మదిగా వెనక్కి వచ్చాయి. మంజుల పాడుతూనే ఉంది, ఆ చరణంతో సహా.

ఆ తర్వాత స్కాన్‌కు వచ్చిన ప్రతివారినీ, ఊరికే ఉన్నప్పుడు మీ నోరు ఏం చేస్తుందని ముందే అడిగేవాణ్ణి. జపం చేసుకునేవారు, పళ్లు నూరేవారు, లోపల్లోపలే ఎవరితోనో పోట్లాడేవారు బయటపడేవారు. కదలవద్దంటే అందరూ సరేనంటారు. కదులుతున్నట్టు వాళ్లకే తెలియదు. అది కనిపెట్టవలసింది కొలిచేవాడే.