ఎముకలు తెల్లబడే షెడ్డు

భీమడోలు చివర, పట్టాలవతల ఉన్న రేకుల షెడ్డులో రాజకుమారి కోడి ఎముకలు ఉడకబెట్టేది. తాడేపల్లిగూడెం చికెన్ కొట్ల నుంచి, బిర్యానీ హోటళ్ల నుంచి వ్యాను తెచ్చి పోసిన ఎముకలవి. ఉడికాక అంటుకున్న మాంసం బ్రష్షుతో గీకి ఎండబెడితే, ఫర్నేసులోకి వెళ్లి మొదట నల్లగా మాడి, చివరికి సున్నంలా తెల్లబడి వచ్చేవి. ఆ పొడిలో కాల్షియం, ఫాస్ఫరస్ ఉంటాయని, ఎరువుకీ పింగాణీ తయారీకీ పనికొస్తుందని షెడ్డు నడిపే రూబీ చెప్పేది. కెమిస్ట్రీ చదివిన పిల్ల. ఇదివరకు ఈ ఎముకలన్నీ కాలవల పాలయ్యేవి.

వాసన మాత్రం రాజకుమారి వెంట ఇంటికొచ్చేది. కుంకుడుకాయతో తలంటుకున్నా వదిలేది కాదు. చర్చిలో ఎవరూ ఏమీ అనకముందే తనే గుమ్మం పక్కకు జరిగి కూర్చునేది.

వేసవిలో సంఘపెద్ద జీవరత్నం గారు ఊళ్లోకి వాసనొస్తోందని పదిమందిని వెంటబెట్టుకుని షెడ్డుకొచ్చారు. పొగగొట్టం పెట్టించాక వాసన రావడం లేదని రూబీ నచ్చజెప్పబోయింది.

"కావాలంటే మా రాజకుమారి ఆంటీని అడగండి. ఈ ఊరావిడేగా."

అందరూ ఇటు తిరిగారు. పొద్దుటి నుంచీ గరిటె తిప్పి తిప్పి ఆమె భుజాలు లాగేస్తున్నాయి. అబద్ధమాడే ఓపిక కూడా లేకపోయింది.

"వస్తందండీ," అంది. "నాకు అన్నం తినేటప్పుడూ వస్తానే ఉంటది."

వాళ్లు వెళ్లాక రూబీ కోప్పడలేదు. ఖాళీ గోతాల మీద పక్కన కూలబడి, ముందే తనతో చెప్పొచ్చు కదా అని మాత్రం అడిగింది.

"పని ఆపేస్తారేమోనని చెప్పలేదమ్మా."

పని ఆగలేదు. ఫర్నేసు ఇక్కడే ఉండి, ఉడకబెట్టడం మటుకు తాడేపల్లిగూడెం అవతల ఇళ్లు లేని చోటికి మారింది. దాంతోపాటు రాజకుమారి పనీ అక్కడికే మారింది. రోజూ పొద్దున్నే పాసింజరు ఎక్కాలి, సాయంత్రం మళ్లీ దాన్నే పట్టుకోవాలి. నీ మాటతో ఊరికి మేలు జరిగిందమ్మా అని జీవరత్నం గారు మెచ్చుకుంటే తలూపింది గానీ, ఆవిడకు కాళ్ల నొప్పులు తప్ప ఇంకేమీ తోచలేదు.

ఒక సాయంత్రం రైల్లో కునుకు పట్టి, భీమడోలు దాటిపోయాక దెందులూరులో మెలకువొచ్చింది. దిగి, ఏం చెయ్యాలో తెలీక రూబీకి ఫోన్ చేసింది. ఆ పిల్ల స్కూటీ మీద వచ్చింది. నన్నంటుకుంటే నీ బట్టలకీ వాసనేనమ్మా అని రాజకుమారి ఎడంగా కూర్చోబోతే, గట్టిగా పట్టుకోండాంటీ, రోడ్డు బాలేదు అంది రూబీ. రాజకుమారి ఆమె నడుం పట్టుకుని వీపుకి తల ఆనించింది.