చేపను చూస్తే కిందికి పోయే చెయ్యి

కిందటి వారం వనపర్తిలో కొత్త కళ్ళద్దాలు పెట్టుకొని కంటి దవాఖాన మెట్లు దిగుతూ, లేని మెట్టు ఒకటి దిగబోయి గోడ పట్టుకున్నాను. అద్దాలు మారితే నేల కొన్నాళ్ళు ఉన్నచోట ఉన్నట్టు కనబడదని ముందే చెప్పవలసిన బాధ్యత ఇచ్చినవారికి లేదా అని వెనక్కి వెళ్ళి అడిగాను. "రెండు రోజులైతే అలవాటైతది సార్, జర నిమ్మళంగ నడువుండ్రి" అని అక్కడి అమ్మాయి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కంటికీ కాలికీ పొత్తు కుదరకపోవడం ఆమె అనుకున్నంత తేలిక విషయం కాదు. దాని మూలంగా మా బామ్మర్ది ఒక వేసవిలో నదిని విడిచిపోవలసిన స్థితి వరకు వచ్చాడు.

బామ్మర్ది అంటే మా ఇంటామెకు తమ్ముడు. గద్వాలకు అవతల, కృష్ణ ఒడ్డున ఉన్న ఊళ్ళో పుట్టి, పుట్టి అనే గుండ్రటి తెప్పలోనే పెరిగాడంటే అతిశయోక్తి కాదు. విసురువల అతని భుజం మీదనుంచి లేచి నీటిమీద గుండ్రంగా పరుచుకుంటుంటే, నీటిమట్టం కొలిచే ఉద్యోగంలో ఉన్న నేను చేతిలోని పుస్తకం మూసి చూసేవాణ్ణి. అలాంటివాడు ఒక వానకాలం పుట్టిని నెత్తిన పెట్టుకొని వస్తూ పాచి పట్టిన బండ మీద జారి కుడి భుజం మీద పడ్డాడు. ఎముక అతికింది గాని, చెయ్యి చెవిని దాటి లేవడం మానేసింది. చెయ్యి లేవనిదే విసురువల లేదు, పుట్టి మీద నిలబడి పొడిచే ఈటె అంతకన్నా లేదు. అతని భార్యకు అన్న ఒకాయన హైదరాబాదులో కావలివాళ్ళను కుదిర్చే పనిలో ఉన్నాడు. ఆయన ఒక కొత్త భవనం దగ్గర గేటు పనీ, దాంతోపాటు ఒక గదీ చూసిపెట్టాడు. "మృగశిర దాటితే ఆ రూము ఇంకొకలకు ఇస్తరంట అన్నా," అని ఆమె నాతో అన్నది. "నాకు మాత్రం పోవాలని ఉన్నదా? ఈడ నేనొక్కదాన్నే కూలికి పోతున్న. ఆయన పొద్దంత నీళ్ళదిక్కు చూసుకుంట కూసుంటుండు. గట్ల చూసుకుంట ఎన్నొద్దులు బతుకుతడు?" ఆమె మాటలో నాకు తప్పేమీ కనబడలేదు, ఇప్పటికీ కనబడదు.

ఆ చలికాలంలోనే బామ్మర్ది ఎవరి ఫోనులోనో ఒక వీడియో చూసి చేపలు కొట్టే తుపాకి తయారు చేశాడు. టేకు కర్రకు నడుమ గాడి, గాడిలో ఇనుప సలాక, ముందు కొసన రెండు పక్కలా రెండు రబ్బరు గొట్టాలు, పట్టి విడిచేందుకు ఒక ట్రిగ్గరు. కళ్ళకు నీటి అద్దాలు బిగించుకొని నీళ్ళలో మునిగి, చెయ్యి పైకెత్తకుండా నేరుగా చాచి కొట్టవచ్చు. ఆ భుజానికి సరిపోయే పని భూమ్మీద అదొక్కటే. వేసవికి నది పారడం మాని బండల నడుమ మడుగులుగా మిగిలినప్పుడు అడుగు రాయి దాకా కనబడుతుంది. చిక్కల్లా ఒక్కటే. సలాక ఎటు పోతుందో దానికే తెలియదు. ఎండలు ముదిరాక వారం రోజులు మునిగి తేలి ఒక్క చేప తేలేదు. ఊళ్ళో నవ్వడం మొదలైంది. "మామా, చేపలు నిన్ను గుర్తువట్టినయా, నమస్తే వెడుతున్నయా?" అని రేవులో ఒకడు అడిగినట్టు మా ఇంటామె చెప్పగానే, నేను కాగితాలు, పురికొస, కొలత టేపు సర్దుకొని బస్సెక్కాను. "తమ్ముణ్ణి సూడవోతున్నవా, కాలువ కొలవవోతున్నవా?" అని ఆమె గుమ్మంలోంచి అడిగింది.

వెళ్ళి చూస్తే అతను ఒక్క పూటలోనే రబ్బరూ సలాకా ట్రిగ్గరూ మూడూ మార్చి, ఏది మార్చినందువల్ల ఏమి జరిగిందో తెలియక తల పట్టుకొని ఉన్నాడు. నేను కేకలు వేశాను. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చినదాని ఫలితం రాసుకోవాలి, ఆ తరువాతే రెండోది. ఛాతీలోతు మడుగులో గోనెపట్టా వేలాడదీసి, దాని ముందు తెల్లటి నూనె డబ్బా కట్టాము. తుపాకి ముందుకు ఎవరూ రాకూడదని చెప్పి నేను వెనుక బండమీద కూర్చున్నాను. సలాక ప్రతిసారీ ఎడమకే పోయి పట్టాను చీలుస్తోంది. దాన్ని షాబాదు బండమీద దొర్లిస్తే కొస దగ్గర కొద్దిగా ఎగిరింది. కొట్టి తిన్నగా చేశాము. అయినా ఎడమకే. అప్పుడు రెండు రబ్బర్లూ విప్పి, ఒకే బరువు కట్టి వేలాడదీశాను. ఒకటి జానెడు సాగితే ఇంకొకటి బెత్తెడు కూడా సాగలేదు. ఒకే దుకాణంలో, ఒకే రోజు కొన్న రబ్బర్లవి. నేను వాటిని పట్టుకొని ఆ దుకాణానికే వెళ్ళాను. "రబ్బరంటే రబ్బరే గద సార్, గీ చుట్ట అయిపోతె ఇంకో చుట్టలకెల్లి కోసిచ్చిన," అన్నాడతను. రెండు చుట్టల రబ్బరు ఒకే తుపాకికి కడితే ఏమౌతుందో నిలబెట్టి చెప్పాను. పూర్తిగా విన్నాడు, ఒకే చుట్టలోంచి కోసి ఇచ్చాడు, నేను మెట్టు దిగగానే పక్కవాడితో ఏదో అన్నాడు. అననిమ్మనుకున్నాను. మరునాడు సలాక డబ్బాను నడిమికి గుచ్చింది. మళ్ళీ మళ్ళీ గుచ్చింది.

ఇక కథ ముగిసిందని ఇంటికి వచ్చేశాను. నాలుగు రోజులకు ఫోను. "డబ్బాను కొడుతున్న బావా. చేప మాత్రం తప్పుతుంది. కిందికెల్లి పోతుంది సలాక." నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. డబ్బాకు ఒక న్యాయం, చేపకు ఒక న్యాయం ఇనుపచువ్వకు ఎలా తెలుస్తుంది? తిరిగి వెళ్ళేసరికి ఇంట్లో సామాన్లు మూటలకెక్కుతున్నాయి. అతను నా ముఖం చూడకుండా అన్నాడు: "తుపాకిది తప్పు లేదు బావా. నీళ్ళకు నేను వద్దనిపించినట్టుంది. పోయి గేటు కాడ కూసుంట."

నేను గద్వాల అంగడికి పోయి ఒక బొచ్చె చేప కొని తెచ్చాను. చేపలు పట్టేవాడి ఇంటికి చేప కొని తెచ్చిన చుట్టాన్ని ఆ వాడ అదివరకు చూసి ఉండదు. మూటలు కడుతున్న అతని భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డబ్బా విప్పేసి, అదే తాడుకు, అదే ఎత్తులో ఆ చేపను అడ్డంగా కట్టి, కొట్టమన్నాను. సలాక చేప పొట్టకు బెత్తెడు కింద పట్టాను చీల్చింది. మళ్ళీ కొడితే మళ్ళీ అక్కడే. అప్పుడు చేపను గుడ్డసంచిలో పెట్టి, మూతి బిగించి, వేలాడదీశాను. ఈసారి సంచికి నడిమిన దిగింది. సంచి తీస్తే మళ్ళీ కిందికి.

అతను నీళ్ళలోంచి తల ఎత్తి, ముఖానికున్న అద్దాలు నుదుటి మీదికి తోసి, చాలాసేపు తన చేతినే చూసుకున్నాడు. "చేపను చూస్తే కిందికే కొట్టాలె గద బావా," అన్నాడు నెమ్మదిగా. "మా నాయిన గట్లనే నేర్పిండు. పుట్టి మీదికెల్లి జూస్తే చేప ఉన్నకాడ కనవడది, మీదికి లేసినట్టు కనవడతది. జర కిందికి పొడువుమనేటోడు. పొడువకపోతే తెడ్డుతోని వీపుల కొట్టెటోడు." మా మామగారి తెడ్డు ఎంత బలంగా పనిచేసిందో నాకు అప్పుడు అర్థమైంది. పుట్టి మీద నిలబడ్డవాడి చూపు గాలిలోంచి నీటిలోకి వంగుతుంది. అద్దాలు పెట్టుకొని నీళ్ళలో మునిగినవాడికి ఆ వంపు లేదు. చేప కాస్త పెద్దగా, దగ్గరగా తోస్తుందేమో గాని ఉన్న ఎత్తులోనే ఉంటుంది. డబ్బాను కంటితో చూసి కొట్టాడు. చేపను మాత్రం తండ్రి నేర్పిన చేత్తో కొట్టాడు.

కారణం తెలియగానే చెయ్యి మారుతుందని నేను అనుకున్నాను. మారలేదు. చేప కనబడిందంటే మణికట్టు తనంతట తానే వాలేది. రోజూ పొద్దున్నే ఆ మడుగులో చేప కట్టుకోవడం, మునగడం, తప్పడం, తేలడం. నేను బండమీద కూర్చొని రాసుకుంటూనే ఉన్నాను. కొన్నాళ్ళకు అతని భార్య కూడా వచ్చి కూర్చొని, "ఇంక కిందికే పోతున్నది, ఇంక కిందికే" అని అరిచేది. ఒక ఉదయం ఆమె అరవలేదు. అతను ఎక్కువసేపు మునిగి, తేలినప్పుడు సలాక కొసన ఒక జెల్ల చేప కొట్టుకుంటోంది. కట్టిన చేప కాదు, మడుగులో తిరుగుతున్న చేప. ఆమె లేచి వెళ్ళి బుట్ట తెచ్చింది. మృగశిర ఇంకా రాకముందే అతను హైదరాబాదులో ఉన్న తన భార్య అన్నకు నా ఎదుటనే ఫోను చేశాడు. "ఆ రూము ఇంకెవలకన్న ఇయ్యి బావా. ఏమనుకోకు. నాకు ఈడ పనున్నది." అవతలి మాట వినబడలేదు గాని, ఇతను నవ్వాడు. భుజం విరిగిన తరువాత నేను విన్న మొదటి నవ్వు అది.

ఇప్పటికీ వేసవి మడుగుల్లో తుపాకితో దిగుతాడు, వరదకు నీళ్ళు ఎర్రబడ్డాక ఊళ్ళోవాళ్ళ వలలు అల్లి ఇస్తాడు. నేర్చుకోవడానికి కాలం మనిషికి ఒక బాల్యాన్ని ప్రత్యేకంగా కేటాయించింది. నేర్చినదాన్ని విడిచిపెట్టడానికి మాత్రం వేరే వయసంటూ ఏదీ ఇవ్వలేదు. దాన్ని బతుకుతెరువు నడుమనే, ఉన్న ఊపిరితోనే చేసుకోవాలి.